ఐదుగురిలో ముగ్గురే వస్తే అది బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ అవుతుందా?

పాతరికార్డు:
1966లో లాస్ ఏంజిలస్‌లో మొదలై 1968కల్లా విడిపోయిన రాక్ బ్యాండ్ ఇది. చేసింది మూడు ఆల్బములే. 2010 అక్టోబరులో నీల్ యంగ్, స్టీఫెన్ స్టిల్స్, రిచీ ఫ్యూరే బ్రిడ్జ్ స్కూల్ సహాయార్థం జరిగిన కచేరీలో మళ్లీ కలిశారు. 2011 జూన్‌లో ఏడు షోలు చేసి ఆపేశారు. బాస్ గిటార్ వాయించిన బ్రూస్ పామర్ 2004లో, డ్రమ్మర్ డ్యూయీ మార్టిన్ 2009లో పోయారు. మరి ఆ పేరు వాడుకోవడం న్యాయమేనా? నేనైతే ఒప్పుకోను.

గిటార్_గిరి:
ఎందుకండీ? పాటలు దాదాపు అన్నీ ఆ ముగ్గురివేగా. పోయినవాళ్లను ఎక్కడి నుంచి తెస్తారు?

పాతరికార్డు:
నా బాధ అది కాదు. బ్యాండ్ విడిపోయాక మార్టిన్ కొత్తవాళ్లను వెంటేసుకుని ఆ పేరుతోనే కచేరీలు చేస్తుంటే యంగ్, స్టిల్స్ లాయర్లను పెట్టి మరీ ఆపించారు. ఆయన పోయి రెండేళ్లు తిరక్కుండా వాళ్లే ఆ పేరుతో స్టేజీ ఎక్కారు. అప్పుడు లేని హక్కు ఇప్పుడెలా వచ్చింది?

బేస్‌మెంట్_బాబు:
ఆ మాటకొస్తే పేరే వాళ్లది కాదు. వీధిలో ఆగివున్న రోడ్డు రోలర్ మీద ఉన్న కంపెనీ పేరు అది :)
నాకు నచ్చనిది ఇంకొకటుంది. 1968లో పామర్ స్థానంలో బాస్ వాయించి, ఆఖరి ఆల్బమ్‌ను ప్రొడ్యూస్ చేసిన జిమ్ మెస్సీనా బతికే ఉన్నాడు కదా. స్టేజీ మీద బాస్ పట్టుకున్నది మాత్రం అప్పట్లో యంగ్ దగ్గర వాయించిన రిక్ రోసాస్.

గిటార్_గిరి:
మెస్సీనా విషయంలో మీతో ఏకీభవిస్తా. మార్టిన్‌తో పోలిక మాత్రం కుదరదు. మొదటి ఆల్బమ్‌లో ‘నౌఅడేస్ క్లాన్సీ కాంట్ ఈవెన్ సింగ్’ వినండి. రాసింది యంగ్, ముందుండి పాడింది ఫ్యూరే. ఒకరి పాట ఇంకొకరి గొంతులో పలకడమే ఆ బ్యాండ్ ప్రత్యేకత. మార్టిన్ మంచి డ్రమ్మరే, కానీ ఆయన ఒక్కడూ కొత్తవాళ్లతో ఆ పని చేయలేడు. ఈ ముగ్గురు చేయగలరు, 2011లో ఆ పాట వేశారు కూడా. పైగా డబ్బు కోసమే అయితే ఏడు షోలతో ఎవరాపుతారు?

పాతరికార్డు:
డబ్బు మాట నేను ఎత్తలేదే! పోస్టర్ మీద యంగ్, స్టిల్స్, ఫ్యూరే అని వేస్తే హాలు నిండదా? నిండుతుంది. అలాంటప్పుడు ఐదుగురి పేరు ఎందుకు?

గిటార్_గిరి:
అలా వేస్తే మార్టిన్, పామర్‌లను చెరిపేశారని మీరే ఇంకో పోస్టు పెట్టేవారు.