‘తిమయః సరంధ్రైః’: ఆ రంధ్రాలు మొప్పలేనా?

చేపలపిచ్చి: రెండు రోజులుగా ఒక పాదం బుర్ర తినేస్తోంది. ‘అమీ ముఖైస్తిమయః సరంధ్రైః...’ కాళిదాసు రఘువంశంలో రాముడు పుష్పకంలోంచి సీతకు సముద్రం చూపించే చోటు, ‘తిమి’ అనే పెద్ద చేపల మాట. జెయింట్ గ్రూపర్ అనే భారీ సముద్రపు చేప వీడియో చూస్తుంటే తన్నుకొచ్చింది. రాతి గుహ దగ్గర బండలా పడి ఉంది. పీత దగ్గరికొచ్చింది, నోరు తెరిచింది, మూసింది. అంతే, పీత లేదు. మొప్పల పక్కన ఇసుక మాత్రం పొగలా లేచింది. ఇదే భావంతో తెలుగు పద్యం కూడా చిన్నప్పుడు చదివిన గుర్తు. ‘తిమి’తోనే ఎత్తుగడ. ఎవరికైనా తెలుసా?

ఉపజాతి: ‘ముఖైః’ కాదండీ, ‘శిరోభిః’. మీ పాదంలో ఒక అక్షరం తగ్గింది, చెవికి తెలియలేదా?
ససత్త్వమాదాయ నదీముఖాంభః
సమ్మీలయంతో వివృతాననత్వాత్ ।
అమీ శిరోభిస్తిమయః సరంధ్రై-
రూర్ధ్వం వితన్వంతి జలప్రవాహాన్ ॥
ఏటిమొగలో జీవులతో సహా నీళ్ళు తెరిచిన నోట పట్టి, నోరు మూసి, రంధ్రాలున్న తలలతో ఆ నీళ్ళు పైకి చిమ్ముతున్నాయట ఈ తిములు. తలలో రంధ్రం, పైకి చిమ్మే నీళ్ళు. తిమింగలమే. ఇందులో చర్చ ఏముంది?

చేపలపిచ్చి: అక్షరం ఒప్పుకున్నా. చర్చ మాత్రం ఉంది మాస్టారూ. తిమింగలం తల మీంచి చిమ్మేది తాగిన నీరు కాదు, ఊపిరి. దానికి గాలిదారి వేరు, మేతదారి వేరు. శ్లోకంలో నోట పట్టిన నీళ్ళే బయటికొస్తున్నాయి. అది చేప పని. గ్రూపర్ చటుక్కున నోరు తెరిస్తే నీళ్ళూ జీవీ కలిసి లోపలికి లాక్కుపోతాయి, అదే ‘ససత్త్వం’. మూస్తే ‘సమ్మీలయంతః’, నీళ్ళు మొప్పల్లోంచి పోతాయి. పైగా ‘నదీముఖాంభః’! జెయింట్ గ్రూపర్ పగడపు దిబ్బల్లోనే కాదు, ఏటిమొగల్లోనూ తిరుగుతుంది. 2.7 మీటర్లు, 400 కిలోల దాకా పెరిగేదాన్ని కాళిదాసు చూడలేదంటారా?

ఉపజాతి: ‘ఊర్ధ్వం’ని ఏం చేస్తారు? మొప్పల నీళ్ళు పక్కలకి పోతాయి గానీ పైకి లేస్తాయా?

గిలగిల: మీరిద్దరూ ‘తిమింగలం’ అని రాస్తుంటే నా ప్రాణం గిలగిల్లాడుతోంది. తిమింగిలం! ‘గిలేఽగిలస్య’ అని పాణిని వ్యాకరణం మీద వార్తికమే ఉంది, ఆ సున్న ముమాగమం, అంటే నడుమ వచ్చి చేరిన మకారం. తిమిని మింగేది తిమింగిలం. అంటే శ్లోకంలోది మేత, మీరు చెప్పేది మేసేది. అమరకోశం వారివర్గంలో అమరుడు రెంటినీ చేపల్లోనే వేరువేరుగా చెప్పి, ఆ తర్వాతే ‘యాదాంసి జలజంతవః’ అన్నాడు. భాగవతంలో కూడా ‘తిమిద్విపగ్రాహతిమింగిలాకులాత్’ అని రెండూ ఉన్నాయి.

పోతనపక్షం: భాగవతం అన్నారు కాబట్టి నోరు కట్టుకోలేను. ‘కరి దిగుచు మకరి సరసికిఁ గరి దరికిని మకరి దిగుచు’ చదువుతుంటే మనమే అటూ ఇటూ ఊగుతాం. ‘మకరి’లో ‘కరి’ ఉంది, గమనించారా? పట్టు పట్టకముందే మాట మాటను మింగేసింది. రంధ్రాలూ ప్రవాహాలూ పోతనకి అక్కర్లేదు.

చేపలపిచ్చి: అహా! కానీ మొసలి పట్టి లాగుతుంది, గ్రూపర్ లాగదు. పీతలు, చిన్న సొరచేపలు, ఏదైనా నమలకుండా మొత్తంగా మింగుడే. గిలం అంటే అసలు ఇదీ.

పాతపుట: సంస్కృతంలో వెతుకులాట ఎందుకండీ? 1803లో పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం చేపల మీద వేసిన పుస్తకంలో గ్రూపర్ల కుటుంబానికి ‘బొంతు’ అని మన పేరే ఎక్కించాడు. నన్నడిగితే ఆ చివరి ఉకారం దొరగారి చెవి చేసిన పని, అసలు మాట ‘బొంత’. ఆ ఒంటి మీద అతుకుల్లాంటి మచ్చలు చూడండి. జెయింట్ గ్రూపర్ పిల్లకైతే పసుపూ నలుపూ పెద్ద పెద్ద అతుకులు.

గిలగిల: ఇది నిరుక్తం కాదు, అంటే మాట పుట్టుక చెప్పడం కాదు, దర్జీ పని.

ఉపజాతి: అందరూ ‘ఊర్ధ్వం’ ఎగ్గొట్టి తిరుగుతున్నారు.

చేపలపిచ్చి: చూసేవాడు ఆకాశంలో ఉన్నాడు కదా. నీటి మీదికొచ్చే ప్రతి కదలికా తన వైపు లేచినట్టే ఉంటుంది.

గిలగిల: చూసేవాడి సంగతి ఎత్తారు కాబట్టి: ‘అస్తి మత్స్యస్తిమిర్నామ’ శ్లోకంలో తిమింగిలాన్ని మింగే తిమింగిలగిలాన్ని కూడా మింగే చేప ఒకటుంది. దాని పేరు రాఘవం. పుష్పకంలో ఉన్నదెవరు?

ఉపజాతి: శ్లేష బాగుంది. రంధ్రం పూడలేదు.

చేపలపిచ్చి: నా తెలుగు పద్యం మాటేమిటి?

పోతనపక్షం: ‘తిమి’తో ఎత్తుగడ అన్నారు. కందమా, సీసమా?