పెన్‌డ్రైవ్ పెట్టగానే డ్రైవర్ బిగుసుకుపోతోంది: డివైస్‌లో ఏమేం ఉన్నాయో ప్రమాదం లేకుండా ఎలా అడగాలి?

ప్రశ్న (మధురవాడ)

అందరికీ నమస్కారం. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల మీద పెట్టే చిన్న డేటా లాగర్ (సమాచారం నమోదు చేసే పెట్టె) కోసం, మా సొంత కెర్నెల్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకి) యూఎస్‌బీ స్టోరేజ్ డ్రైవర్, అంటే పెన్‌డ్రైవ్‌తో మాట్లాడే ప్రోగ్రామ్, రాస్తున్నాను. బోటు వాళ్లు జగదాంబ దగ్గర ఏ పెన్‌డ్రైవ్ దొరికితే అది కొనుక్కొచ్చి పెడతారు. ఫలానాదే కొనండి అని చెప్పలేం.

డివైస్ తగలగానే డ్రైవర్ ఇంక్వైరీలో (నువ్వెవరు అని డివైస్‌ని అడిగే కమాండ్) 255 బైట్లు అడుగుతుంది. తర్వాత వీపీడీ పేజీలు (డివైస్ వివరాలు, పరిమితులు చెప్పే పట్టికలు, ఇంక్వైరీతోనే అడిగేవి), హెక్స్ అంకెల్లో (పదహారు ఆధారంగా రాసేవి) 83, బీ0, బీ2 వరసగా. ఆపైన రీడ్ కెపాసిటీ 16 (డిస్క్ ఎంత పెద్దదో అడిగే కమాండ్‌కి పెద్ద రూపం; 10 చిన్న రూపం). ఎస్ఎస్‌డీ ఎన్‌క్లోజర్లు (ఎస్ఎస్‌డీని యూఎస్‌బీకి కలిపే పెట్టెలు) బాగానే పలుకుతున్నాయి. చవక పెన్‌డ్రైవ్‌లు కొన్ని మధ్యలో మూగబోతున్నాయి, ఊడదీసి మళ్లీ పెడితేగానీ లేవవు. అవే లినక్స్ ల్యాప్‌టాప్‌లో చక్కగా తెరుచుకుంటున్నాయి. లినక్స్ అడగనిది నేను ఏటి అడుగుతున్నాను?

జవాబు (ఎంవీపీ కాలనీ)

తమ్ముడూ, నువ్వు రాసిన ప్రతి కమాండూ స్కజీ ప్రమాణంలో (డిస్కులకి పంపే కమాండ్ల నియమావళి) ఉన్నదే. కానీ చవక పెన్‌డ్రైవ్‌లో ఫర్మ్‌వేర్ (లోపలి ప్రోగ్రామ్) రాసినవాళ్లు ప్రమాణం మొత్తం అమలు చెయ్యరు. జనం ఎక్కువగా వాడే ఆపరేటింగ్ సిస్టమ్‌లు పంపే కమాండ్లకి బదులు వస్తే చాలు, సరుకు బయటికి పోతుంది. అందుకే ఆ సిస్టమ్‌లు ఏది, ఎంత పొడవుతో అడుగుతాయో నువ్వూ అంతే అడగాలి.

లినక్స్‌లో యూఎస్‌బీ స్టోరేజ్ డ్రైవర్ ఇంక్వైరీని 36 బైట్లతో ఆపేస్తుంది. మామూలు పెన్‌డ్రైవ్‌లని వీపీడీ పేజీలు అడగనే అడగనివ్వదు. కెపాసిటీకి ముందు రీడ్ కెపాసిటీ 10 పంపుతుంది, అందులో చివరి బ్లాక్ నంబర్ అన్నీ ఎఫ్‌లుగా (ఆ రూపంలో పట్టనంత పెద్దదని గుర్తు) వస్తేనే 16కి వెళుతుంది. మోడ్ సెన్స్‌లో (డివైస్ సెట్టింగ్‌లు చదివే కమాండ్) హెక్స్ 3ఎఫ్ పేజీని (అంటే అన్ని పేజీలూ ఒకేసారి) 192 బైట్లతో అడుగుతుంది, ఎందుకంటే విండోస్ అడిగే పొడవు అదే, చాలా డిస్కులు ఆ పొడవుకే ఒప్పుకుంటాయి. ఇవన్నీ ఏళ్ల తరబడి ఒక్కో డివైస్ మొండికేసినప్పుడల్లా చేర్చుకుంటూ వచ్చినవి. ఆ సోర్స్‌లో కామెంట్లు శ్రద్ధగా చదువు, చాలా నేర్పుతాయి.

ప్రశ్న అడిగినవారు

థాంక్స్ అక్కా. 36కి తగ్గించి, రీడ్ కెపాసిటీ 10 ముందు పెట్టాను. మొండికేసినవాటిలో చాలావరకు లేచాయి. కానీ ఎస్ఎస్‌డీ ఎన్‌క్లోజర్లకి ట్రిమ్ (ఖాళీ అయిన చోట్లు ఇవీ అని ఎస్ఎస్‌డీకి చెప్పడం) కావాలి, దానికి వీపీడీ తప్పదు కదా?

మధ్యలో ఇంకొకరు (గాజువాక)

అంత కష్టం దేనికి? ఒక అన్‌మ్యాప్ కమాండ్ (ట్రిమ్ చేసేది అదే) పంపి చూడండి. ఎర్రర్ వస్తే లేదు, రాకపోతే ఉంది.

జవాబు (ఎంవీపీ కాలనీ)

వద్దండి, దయచేసి అలా చెయ్యకండి. అన్‌మ్యాప్ డేటాని చెరిపే కమాండ్. ఆ పెన్‌డ్రైవ్‌లో ఒక బోటు వాళ్ల సీజన్ రికార్డులన్నీ ఉండొచ్చు. పొడవు సున్నా పెట్టి పంపినా లాభం లేదు: అర్థంకాని కమాండ్‌కి కూడా ‘సరే’ అనేసే ఫర్మ్‌వేర్‌లు ఉన్నాయి, ఆ ‘సరే’ని నమ్మి రేపు నిజంగా పంపితే ఏమవుతుందో చెప్పలేం. సౌకర్యం ఉందా లేదా అన్నది చదివే కమాండ్లతోనే తేల్చుకోవాలి.

తమ్ముడూ, ఎన్‌క్లోజర్ యూఏఎస్ (యూఎస్‌బీ మీద స్కజీ కమాండ్లు పంపే కొత్త పద్ధతి) పలికితే, ఇంక్వైరీలో వెర్షన్ (ఏ స్కజీ ప్రమాణం పాటిస్తుందో చెప్పే అంకె) 4 గానీ అంతకన్నా పైన గానీ ఉంటే, అప్పుడు వీపీడీ అడుగు. అదీ ముందు పేజీ 00 మాత్రమే. తనకి ఏ పేజీలున్నాయో డివైస్ అందులో తనే చెబుతుంది. బీ0, బీ2 ఆ జాబితాలో లేకపోతే అడగనే అడక్కు. ఉంటే, ముందు 4 బైట్ల హెడర్ తెచ్చి పొడవు చూసి, మిగతాది తర్వాత.

వచ్చిన బదులుని గుడ్డిగా నమ్మొద్దు. బఫర్‌ని ముందే సున్నాలతో నింపు, నిజంగా ఎన్ని బైట్లు వచ్చాయో హోస్ట్ కంట్రోలర్ (మన వైపు యూఎస్‌బీ చిప్) లెక్క నుంచి తీసుకో, ఎందుకంటే డివైస్ చెప్పే మిగులు (పంపకుండా ఉన్న బైట్ల) లెక్క తప్పుండే సందర్భాలున్నాయి. రెండో బైట్‌లో (సున్నా నుంచి లెక్కిస్తే 1వది) నువ్వడిగిన పేజీ నంబరే ఉండాలి. కొన్ని డివైస్‌లు వీపీడీ కావాలని చెప్పే బిట్‌ని పట్టించుకోకుండా మామూలు ఇంక్వైరీనే తిరిగి పంపుతాయి. ఇక్కడొక చిక్కుంది. మామూలు ఇంక్వైరీలో ఫిక్స్‌డ్ డిస్కుకి ఆ బైట్ సున్నా, అంటే పేజీ 00 అడిగితే అబద్ధపు బదులు కూడా సరిపోయినట్టే కనిపిస్తుంది. తీసేసే డిస్కుకి హెక్స్ 80, సీరియల్ నంబర్ పేజీతో అదే మోసం. కాబట్టి పొడవు కూడా చూడు: వెర్షన్ 4, ఫార్మాట్ 2 (పక్కపక్క బైట్లు, కలిపితే హెక్స్ 0402) ఉన్న ఇంక్వైరీని పొరపాటున పేజీ 00గా చదివితే పొడవు 1026 అని వస్తుంది, అక్కడే దొరికిపోతుంది. జాబితా 00తో మొదలై పెరిగే వరసలో ఉండాలన్నది ఇంకో పరీక్ష.

ట్రిమ్‌కి మూడూ కలవాలి: రీడ్ కెపాసిటీ 16లో 14వ బైట్ పైబిట్ 1 (బైట్లు సున్నా నుంచి లెక్క), బీ2లో 5వ బైట్ పైబిట్ 1, బీ0 పేజీ పూర్తి 64 బైట్లు. బీ0 పొట్టిగా వస్తే అందులో అన్‌మ్యాప్ పరిమితులే ఉండవు, ఆ స్థానాల్లో కనిపించేది చెత్త. ఒక్కటి తగ్గినా ట్రిమ్ ఆపెయ్. ట్రిమ్ లేకపోతే కాస్త నెమ్మది, అంతే.

ప్రశ్న అడిగినవారు

డివైస్ ‘లేదు’ అనడానికీ, పలక్కపోవడానికీ తేడా ఎలా చూడాలి? రెండిటికీ ఒకే ఎర్రర్ తిప్పి పంపుతున్నాను.

జవాబు (ఎంవీపీ కాలనీ)

అవి విడదియ్యి, అది చాలా ముఖ్యం. సెన్స్ కీ (డివైస్ చెప్పే ఎర్రర్ రకం) 5తో ఏఎస్‌సీ (ఆ ఎర్రర్ వివరం) హెక్స్ 20 వస్తే ఆ కమాండ్ తెలీదని, 24 వస్తే కమాండ్‌లో ఏదో అంశం కుదరదని. రెండూ స్పష్టమైన ‘లేదు’, గుర్తుపెట్టుకుని మళ్లీ అడక్కు. కీ 6 అంటే డివైస్ ఇప్పుడే మారింది, అదే ప్రశ్న మళ్లీ అడగొచ్చు. టైమౌట్ అయితే బల్క్ ఓన్లీ రీసెట్ (డివైస్‌ని మొదటికి తెచ్చే యూఎస్‌బీ అభ్యర్థన) పంపి, రెండు ఎండ్‌పాయింట్ల (డేటా వచ్చే, పోయే దారుల) హాల్ట్, అంటే ఆగిపోయిన స్థితి, తియ్యి. లేవకపోతే పోర్ట్ రీసెట్. ఆ డివైస్ ఉన్నంతసేపూ ఆ కమాండ్ మళ్లీ వద్దు.

మొండివాటి జాబితా పెట్టుకోవాల్సి వస్తే వెండర్, ప్రొడక్ట్ ఐడీలతో పాటు డివైస్ వెర్షన్ నంబర్ హద్దులు కూడా రాయి. ఒకే ఐడీతో వేర్వేరు ఫర్మ్‌వేర్‌లు బజారులో తిరుగుతుంటాయి.

ప్రశ్న అడిగినవారు

ఒక్కటి మిగిలింది అక్కా. కాషింగ్ పేజీ (మోడ్ సెన్స్‌తో చదివేది) చదవలేకపోతే రైట్ కాష్ (రాసిన డేటాని డివైస్ కాసేపు మెమరీలో ఉంచుకోవడం) ఉందనుకోవాలా, లేదనుకోవాలా?

జవాబు (ఎంవీపీ కాలనీ)

లినక్స్ లేదనుకుంటుంది. కానీ నీది బోటు మీద ఎప్పుడైనా కరెంటు పోయే పెట్టె. నీకైతే ఉందనుకోవడమే మేలు. ఫైల్ మూసిన ప్రతిసారీ సింక్రనైజ్ కాష్ (మెమరీలో ఉన్నది డిస్కుకి రాయించే కమాండ్), హెక్స్ 35, పంపు. కీ 5, ఏఎస్‌సీ 20తో కాదంటే ఆ డివైస్‌కి అక్కడితో ఆపి, లాగ్‌లో ఒక వరస రాసిపెట్టు.