రాయల నాటకంలో పాత్రధారుల వయసు: స్వచ్ఛంద సేవకుల ప్రణాళికా చర్చ

నాటక విభాగం సమన్వయకర్త:

అందరికీ నమస్కారం. వార్షికోత్సవంలో మన సంఘం ప్రదర్శించబోయే చారిత్రక నాటకానికి స్క్రిప్టు దాదాపు సిద్ధమైంది కనుక, పాత్రధారులను ఎంపిక చేసేముందు వయసు విషయంలో మనందరం ఒక మాట మీదికి రావాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఇంతకుముందు ప్రదర్శనల్లో ఎవరికి తీరిక ఉంటే వారికి, ఎవరి గొంతు బాగుంటే వారికి వేషం ఇచ్చాం. చూసేవారు మనవాళ్లే కనుక సర్దుకున్నారు. ఈసారి అలా సర్దుకోవడం కుదరదని నా అభిప్రాయం.

మొదటి కారణం, వేదికకు రెండు పక్కలా పెద్ద తెరలు పెట్టి నటుల ముఖాలను కెమెరాతో దగ్గరగా చూపాలని నిర్ణయించడం. దూరం నుంచి చూసేవారికి తెల్లగడ్డం కనిపిస్తే చాలు, ముసలివాడని నమ్ముతారు. క్లోజప్‌లో ఆ గడ్డం కింద నున్నటి మెడ, ముడతలేని చేతులు కూడా కనిపిస్తాయి. కాబట్టి మనం ఆడేది నాటకమే అయినా, చూసేవారి కంటికి అది టెలివిజన్‌లో వచ్చే చారిత్రక ధారావాహికలాగే ఉంటుంది, వారు దాన్ని ఆ కొలతతోనే కొలుస్తారు.

రెండో కారణం కథలోనే ఉంది. మనం ఎంచుకున్నది 1509 నుంచి 1524 వరకు శ్రీకృష్ణదేవరాయలకూ తిమ్మరుసుకూ మధ్య నడిచిన కథ. పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాసిన వృత్తాంతం ప్రకారం, మరణశయ్య మీద ఉన్న వీరనరసింహరాయలు తన ఎనిమిదేళ్ల కొడుకు రాజు కావాలన్న కోరికతో, తమ్ముడైన కృష్ణరాయల కళ్లు తీయించి తెచ్చి చూపమని తిమ్మరుసును ఆజ్ఞాపించాడు. కృష్ణరాయలు ఇరవై ఏళ్లు దాటినవాడు, రాజ్యమేలడానికి ఆ బాలుడికన్నా తగినవాడు అని తలచి, తిమ్మరుసు ఒక మేక కళ్లు తీయించి చూపాడు. పదిహేనేళ్ల తరువాత అదే కృష్ణరాయలు తన ఆరేళ్ల కొడుకుకు పట్టం కట్టాడు, ఆ బాలుడు చనిపోయాడు, విషప్రయోగం జరిగిందన్న అనుమానంతో రాయలు తిమ్మరుసు కళ్లు తీయించాడు. దయచేసి ఈ కథను వయసుల వైపు నుంచి మరొక్కసారి చదవండి. ఎనిమిదేళ్లు, ఇరవై దాటిన వయసు, ఆరేళ్లు: సింహాసనం ఎవరిదో తేల్చింది ఈ అంకెలే. పాత్రధారుల వయసు తప్పితే మన కథకు కారణమే కనిపించకుండా పోతుంది.

రాయల పాత్ర ఒకరికి ఇవ్వాలా, ఇద్దరికి ఇవ్వాలా, తిమ్మరుసుగా ఎవరిని నిలబెట్టాలి, ఇద్దరు రాకుమారుల సంగతేమిటి అన్న వాటి మీద మీ అభిప్రాయాలు రాయవలసిందిగా కోరుతున్నాను.

చిత్రీకరణ బాధ్యుడు:

సమన్వయకర్త గారు చెప్పిన క్లోజప్ సంగతి నూటికి నూరుపాళ్లు నిజం. అయితే ఒకే నటుడు ఎక్కువ వయసును మోయలేడని ముందే తీర్మానించుకోవద్దని నా మనవి. 1971లో బీబీసీ ప్రసారం చేసిన ‘ఎలిజబెత్ ఆర్’ ధారావాహికలో గ్లెండా జాక్సన్ తన ముప్పైల మధ్యలో ఉండి, యువతి ఎలిజబెత్ మొదలుకొని అరవై తొమ్మిదో ఏట మరణించిన ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్ వరకు తానే నటించారు, అందుకోసం నుదుటిపై జుట్టు కూడా గొరిగించుకున్నారు. 1976లో వచ్చిన రోమన్ చక్రవర్తుల కథ ‘ఐ, క్లాడియస్’ ధారావాహికలో అగస్టస్ చక్రవర్తి భార్య లివియాగా నటించిన షాన్ ఫిలిప్స్ 1933లో పుట్టారు, ఆమె కొడుకు టైబీరియస్‌గా నటించిన జార్జ్ బేకర్ 1931లో పుట్టారు. కొడుకు తల్లికంటే రెండేళ్లు పెద్ద! అయినా ఆ తల్లీకొడుకులను ప్రేక్షకులు నమ్మారు, ఎందుకంటే ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో ఆమె నడకలోనే తెలిసిపోతుంది.

మన సినిమా నుంచే ఇంకొక ఉదాహరణ చెబుతాను, ఎందుకంటే అది సరిగ్గా మన పాత్రల గురించే. 1962 నాటి ‘మహామంత్రి తిమ్మరుసు’లో కృష్ణరాయలుగా నటించిన ఎన్.టి. రామారావు గారు 1923లో పుట్టారు, తిమ్మరుసుగా నటించిన గుమ్మడి వెంకటేశ్వరరావు గారు 1927లో పుట్టారు. రాయలు ‘అప్పాజీ’ అని పిలిచిన మనిషి నిజానికి ఆయనకంటే నాలుగేళ్లు చిన్న. ఆ సినిమా చూసినవారెవరికీ ఆ సంగతి గుర్తుకు రాదు.

స్క్రిప్టు రాస్తున్న సభ్యుడు:

పై ఉదాహరణలన్నీ ఒప్పుకుంటున్నాను, కానీ అవన్నీ ఆరితేరిన నటుల ఉదాహరణలు అన్న సంగతి మరచిపోకూడదు. ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు రిహార్సల్‌కు వచ్చే మనకు, శరీరం ఇచ్చే సాయాన్ని వదులుకునే స్తోమత లేదు. మహానటులు చేసినా అన్నిసార్లూ అతకదు. ‘ది ట్యూడర్స్’ ధారావాహిక 2007 నుంచి 2010 వరకు నడిచింది. అందులో ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీగా నటించిన జొనాథన్ రీస్ మేయర్స్ 1977లో పుట్టారు. చివరి భాగాల నాటికి హెన్రీకి యాభై అయిదేళ్లు, నటుడికి ముప్పై రెండు. ఊబకాయంతో, కాలిపుండుతో కదలలేక, ఆ బాధలో ఎదుటివారి మీద విరుచుకుపడిన రాజు మనకు తెరమీద కనిపించడు. గొంతు బొంగురుపోయిన ఒక అందమైన యువకుడు కనిపిస్తాడు. అప్పుడు ఆ రాజు క్రూరత్వానికి కారణాల్లో ఒకటి పోయినట్టే. యాదృచ్ఛికమే గాని, హెన్రీ సింహాసనమెక్కింది కూడా 1509లోనే, అప్పుడతనికి పదిహేడేళ్లు.

న్యూనిజ్ ఇరవై దాటినవాడని మాత్రమే రాసినా, మన రాయలకు సాధారణంగా చెప్పే జన్మ సంవత్సరం 1471. ఆ లెక్కన పట్టాభిషేకం నాటికి ముప్పై ఎనిమిదేళ్లు, రాయచూరు యుద్ధం జరిగిన 1520 నాటికి నలభై తొమ్మిది, కొడుకు పోయిన 1524 నాటికి యాభై మూడు. తెరమీద చూపే రాయలు మాత్రం ఎప్పుడూ నవయువకుడే. ఆయనను కళ్లారా చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఏమి రాశాడో చూడండి: ఎత్తు మధ్యస్థం, మంచి ఛాయ, సన్నగా అనడం కంటే కొంచెం లావుగా ఉంటాడనవచ్చు, ముఖం మీద స్ఫోటకపు మచ్చలు ఉన్నాయి. అదే మనిషి తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒళ్లంతా నూనె పట్టించుకొని, బరువులెత్తి, కత్తి తిప్పి, కుస్తీ పట్టి, గుర్రమెక్కేవాడని కూడా పేస్ రాశాడు. నడివయసులో ఒంటిని అంత శ్రద్ధగా కాపాడుకున్న మనిషిని ఇరవై మూడేళ్ల కుర్రవాడి చేత చూపిస్తే ఆ శ్రమకు అర్థమేముంది? ఇరవై మూడేళ్లవాడికి ఆ ఒళ్లు ఊరికే వస్తుంది.

అందుచేత నలభైల మొదట్లో ఉన్న సభ్యుణ్ణి ఒక్కరినే రాయలుగా తీసుకోవాలని నా సూచన. మొదటి సన్నివేశానికి మీసం నల్లగా ఉంచి, చివరి సన్నివేశానికి చెంపల దగ్గర నెరుపు చూపితే చాలు. ‘ది క్రౌన్’ ధారావాహికలో రెండేసి సీజన్లకు ఒకరు చొప్పున క్లెయిర్ ఫోయ్, ఒలీవియా కోల్మన్, ఇమెల్డా స్టాంటన్ అనే ముగ్గురు రెండో ఎలిజబెత్ రాణిగా మారారు. సీజన్ల మధ్య విరామం ఉన్నప్పుడు ప్రేక్షకుడు కొత్త ముఖానికి అలవాటుపడతాడు. మనకు రెండు సన్నివేశాల మధ్య ఉండేది దీపాలు ఆర్పి వెలిగించేంత సేపు మాత్రమే.

మేకప్, ఆహార్యం బాధ్యురాలు:

మేకప్ ఎంతవరకు ఆదుకుంటుందో స్పష్టంగా చెప్పడం నా బాధ్యత. వయసును పది పన్నెండేళ్లు పెంచగలను. అంతకు మించితే క్లోజప్‌లో అది ముడతలా కాక గీతలా కనిపిస్తుంది. తగ్గించడం ఇంకా కష్టం. యాభై అయిదేళ్లవారికి రంగు పూసి ముప్పై చేయబోతే, ఆ రంగు దీపాల వేడికి కళ్ల చివర పగిలి, దాచబోయిన వయసునే ఎత్తి చూపుతుంది. చేతుల సంగతి అసలు ఎవరూ తలచుకోరు. తిమ్మరుసు మేక కళ్లున్న పళ్లెం పట్టుకునే చోట కెమెరా చేతుల మీదికే వెళుతుందని స్క్రిప్టులో ఉంది. అక్కడ నిజంగా వయసైన చేతులుంటే నేను ముట్టుకోవలసిన పనే లేదు.

స్త్రీ పాత్రల గురించి కూడా ఒక మాట. తిరుమలదేవి వేషానికి వచ్చిన పేర్లలో ఎక్కువ భాగం ఇరవై ఏళ్ల అమ్మాయిలవే. రాజుకు యాభై చూపించి, పట్టపురాణికి మాత్రం ఇరవై ఏళ్లు చూపించే అలవాటు ధారావాహికల నుంచి మనకు తెలియకుండానే పట్టుకుంది. తిరుమల ఆలయంలో దేవేరులతో కలిసి చేతులు జోడించి నిలబడిన రాయల విగ్రహాన్ని చూసినప్పుడల్లా నాకు వారు ముగ్గురూ ఒకరికొకరు తగినట్టే అనిపిస్తారు. ఆరేళ్ల బిడ్డను పోగొట్టుకున్న తల్లి పాత్ర అది. ముప్పై దాటిన సోదరీమణులు మొహమాటపడకుండా పేర్లు ఇవ్వాలని కోరుతున్నాను.

పిల్లల విభాగం తరఫున ఒక తల్లి:

రాకుమారుల విషయం రాస్తాను. ఆరేళ్ల పిల్లవాడు మాటలు గుర్తుపెట్టుకోలేడని పన్నెండేళ్ల వారిని తీసుకుందామని ఒకరిద్దరు నాతో అన్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. పన్నెండేళ్ల వాడు కిరీటం పెట్టుకుంటే అది ముందుగా వచ్చిన అధికారంలా కనిపిస్తుంది. ఆరేళ్ల వాడు పెట్టుకుంటే అది తండ్రి భయంలా కనిపిస్తుంది. మాటలు తగ్గించండి, వయసు పెంచకండి. 2009లో ప్రసారం మొదలైన ‘ఝాన్సీ కీ రాణీ’ హిందీ ధారావాహికలో బాల్యానికి ఉల్కా గుప్తాను, పెద్దయ్యాక కృతికా సెంగర్‌ను తీసుకున్నారు. పెళ్లినాటికి ఆ రాణి ఎంత చిన్నదో చూసేవారికి కంటితోనే తెలిసింది.

ఇంకొక సూచన. మొదటి సన్నివేశంలో ఎనిమిదేళ్ల బాలుడు, చివరి సన్నివేశంలో ఆరేళ్ల బాలుడు. ఏడేళ్ల పిల్లవాడు ఒక్కడే రెండు పాత్రలూ చేయగలడు కదా?

అయితే ఒక షరతు ఉంది. విషం, చావు ఉన్న సన్నివేశంలో బిడ్డ వేదిక మీద ఉండడానికి నేను గాని, మరే తల్లి గాని ఒప్పుకోరు. భారతదేశంలో బాలనటుల విషయంలో ఉన్న నిబంధనల ప్రకారం రోజుకు అయిదు గంటలకు మించి, విరామం లేకుండా మూడు గంటలకు మించి పని చేయించకూడదు. అయిదుగురు పిల్లలకు కనీసం ఒక బాధ్యుడైన పెద్ద ఉండాలి. అవి మన ప్రదర్శనకు వర్తించవు గాని, వృత్తిగా చేసేవారికే అంత హద్దు ఉన్నప్పుడు సరదాగా వచ్చే మన పిల్లలకు ఇంకా తక్కువే ఉండాలి. రిహార్సల్‌కు గంట చాలు.

స్క్రిప్టు రాస్తున్న సభ్యుడు:

అమ్మా, మీ సూచన చదివి రాత్రి చాలాసేపు ఆలోచించాను. ఒకే పిల్లవాడు రెండు పాత్రల్లోనూ కనిపిస్తే, పదిహేనేళ్ల క్రితం తాను సింహాసనానికి దూరం చేసిన బాలుడి ముఖాన్నే తిమ్మరుసు మళ్లీ చూస్తున్నట్టవుతుంది. నేను పేజీలు పేజీలు రాసినా చెప్పలేని విషయమది. ఆ ఇద్దరు బాలురూ ఒకరే అనుకొని ప్రేక్షకులు తికమకపడకుండా రెండుచోట్లా ఆ బాలుడు ఎవరి కొడుకో సంభాషణలో ముందే చెప్పిస్తాను. చావు సన్నివేశం తీసేస్తున్నాను. పట్టాభిషేకం తరువాత దీపాలు వెలిగేసరికి చిన్న సింహాసనం ఖాళీగా ఉంటుంది, రాయలు దానివైపే చూస్తూ ఉంటాడు. కెమెరా ఆ పీట మీదే నిలవాలి.

తిమ్మరుసు పాత్రకు అడిగిన పెద్ద సభ్యులు:

చిరంజీవులారా, మీ అందరి రాతలూ చదివాను. నాకు అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి, జ్ఞాపకశక్తి మునుపటిలా లేదు, మీ శ్రమ నావల్ల చెడకూడదని ఈ పాత్రను వదులుకుందామనే అనుకున్నాను. చేతుల గురించి మేకప్ అమ్మాయి రాసింది చదివాక మనసు మార్చుకున్నాను. ఒక్క మనవి మాత్రం ఉంది. ఆ ముసలాయన వణుకుతూ, దగ్గుతూ ఉండాలని స్క్రిప్టులో రెండుచోట్ల రాశారు. నా వయసువాడికి వణుకు ఉంటే దాన్ని దాచుకోవడానికి ప్రయత్నిస్తాడు గాని చూపించుకోడు. రాజ్యం నడిపిన మంత్రి ఇంకా గట్టిగా దాచుకుంటాడు. ఆ రెండూ తీసేయండి బాబూ, మిగిలినది నేను చూసుకుంటాను.

నాటక విభాగం సమన్వయకర్త:

మాస్టారూ, మీరు ఒప్పుకున్నందుకు మా అందరి తరఫునా నమస్కారాలు. ఆ రెండు సూచనలనూ ఈ రోజే స్క్రిప్టులోంచి తొలగిస్తున్నాం. మీ సంభాషణలను చిన్న చిన్న వాక్యాలుగా విడగొట్టి, పెద్ద అక్షరాల ప్రతిని మీ ఇంటికి పంపుతాం.

రాయల పాత్రకు ముప్పై ఎనిమిది నుంచి నలభై అయిదేళ్ల మధ్య సభ్యులనే ఆడిషన్‌కు పిలుస్తున్నాను. ఈ నిర్ణయం వల్ల, ఆ పాత్ర కోసం రెండు నెలలుగా కత్తిసాము నేర్చుకుంటున్న మన యువ సభ్యుడికి బాధ కలుగుతుందని నాకు తెలుసు. నిన్న అతనితో స్వయంగా మాట్లాడాను. రాకుమారుడికి విషం పెట్టాడన్న నింద న్యూనిజ్ రాతల్లో తిమ్మరుసు కొడుకు మీద పడింది; మన యువ సభ్యుడి వయసుకు, ఆవేశానికి సరిగ్గా తగిన పాత్ర అది. అతను ఒప్పుకోవడమే కాక, రాయలుగా ఎవరు ఎంపికైనా తాను నేర్చుకున్న కత్తిసాము వారికి నేర్పుతానన్నాడు.

తిరుమలదేవి పాత్రకు ముప్పై దాటిన ముగ్గురు ఇప్పటికే పేర్లు ఇచ్చారు. ఏడేళ్ల పిల్లల తల్లిదండ్రులు పిల్లల విభాగానికి రాయవచ్చు. ఎంపిక రోజున పిల్లలను మాటలు అప్పగించమని అడగం, మాస్టారి పక్కన కాసేపు కూర్చోమంటాం, అంతే. ఎవరు ఆయన దగ్గర భయం లేకుండా కూర్చుంటారో చూసి నిర్ణయిస్తాం. చిత్రీకరణవారు ఆ రోజే కెమెరా తెచ్చి, రాయల పాత్రకు వచ్చినవారిని మాస్టారితో కలిపి ఒకే ఫ్రేములో తీయాలి, ఎందుకంటే ఆ ఇద్దరి మధ్య వయసుల ఎడం తెరమీద ఎలా కనిపిస్తుందో చూడకుండా పేర్లు ప్రకటించను.