ఆర్డుయినోతో రెండు మోటర్లు: ఒకటి ముందే ఆగుతుంది, ఇంకోటి ఆగుతనే లేదు

ప్రశ్న:
హసన్‌పర్తి దగ్గర కోళ్ల షెడ్డులో దాణా వేసే సెటప్. ఆర్డుయినో ఊనో (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న బోర్డు), ఎల్298ఎన్ డ్రైవర్ (బోర్డు చెప్పినట్టు మోటర్లకు కరెంటిచ్చేది), 12 వోల్టుల గేర్ మోటర్లు రెండు. మొదటిది 90 సెకన్లు తిరగాలె, అది ఆగినంక రెండోది 40 సెకన్లు. ఇన్ని మిల్లీసెకన్లు ఆగు అని చెప్పే డిలేతో, డిలే(90 * 1000), డిలే(40 * 1000) అని రాసిన. మొదటిది 24 సెకన్లకే ఆగుతుంది. రెండోది ఇగ ఆగదు, వైరు పీకాల్సిందే. డ్రైవర్ మార్చినా అంతే.

జవాబు:
డ్రైవర్ మంచిగనే ఉంది తమ్మీ, లెక్క తప్పుతుంది. ఊనోలో ఇంట్ (మామూలు పూర్ణసంఖ్య) అంటే 16 బిట్లే, 32767 దాటితే పట్టదు, 65536 తగ్గిపోయి కనబడతది. 90000లకెళ్లి 65536 పోతే మిగిలేది 24464, అంటే నువ్వు చూసిన 24 సెకన్లు. 40000 అయితే మైనస్ 25536 అయితది. డిలేకు మైనస్ తెల్వదు, దాన్ని 429 కోట్ల మిల్లీసెకన్లని చదువుకుంటది. దాదాపు 49 రోజులు! 90యూఎల్ * 1000యూఎల్ అని రాయి, 40కీ అంతే, సరిపోతది. యూఎల్ అంటే అన్‌సైన్డ్ లాంగ్, మైనస్ లేని 32 బిట్ల పెద్ద సంఖ్య.

ప్రశ్న అడిగినవారు:
టైము సరిగ్గ వస్తుంది అన్నా. కానీ మధ్యల ఆపే బటన్ నొక్కితే పలుకుతలేదు.

జవాబు:
డిలే నడుస్తున్నంతసేపు లూప్‌లో (మళ్ల మళ్ల తిరిగే కోడ్‌లో) ఇంకేదీ నడవదు, బటన్‌ను ఎవరు చూడాలె? మిల్లిస్ వాడు, బోర్డు ఆన్ అయినకాడికెళ్లి ఎన్ని మిల్లీసెకన్లు అయినయో అది చెప్తది. మోటర్ ఆన్ చేసినప్పుడు మొదలు = మిల్లిస్() అని అన్‌సైన్డ్ లాంగ్‌లో దాచుకో. లూప్ తిరిగినప్పుడల్లా మిల్లిస్() - మొదలు >= 90000యూఎల్ అయిందా, బటన్ నొక్కిన్రా, రెండూ చూడు. ఏది నిజమైనా మోటర్ ఆపు. తీసివేతతోనే రాయాలె, మొదలు + 90000 అని కూడి పోలిస్తే, 49 రోజులకోసారి మిల్లిస్ సున్నాకు వచ్చినప్పుడు లెక్క చెడిపోతది.

ఇంకో జవాబు:
కోడ్ అయింది, ఇగ వైరింగ్ చూడున్రి. ఎల్298ఎన్ తనలోనే రెండు వోల్టులు, కరెంటు ఎక్కువ లాగితే ఇంకా ఎక్కువే తింటది, 12 ఇస్తే మోటర్‌కు పదో, అంతకన్నా తక్కువో అందుతది. ఒక్కో చానల్‌కు 2 ఆంపియర్లే హద్దు. తడి దాణా ఇరుక్కొని మోటర్ బిగుసుకుంటే కరెంటు అంతకు మించి లాగుతది, అప్పుడు చిప్ కాలొచ్చు. ఒక్కో మోటర్ వైరుకు 2 ఆంపియర్ల ఫ్యూజు పెట్టున్రి. డ్రైవర్ గ్రౌండు, ఊనో గ్రౌండు కలపాలె. బోర్డు రీసెట్ అయ్యేటప్పుడు పిన్నులు గాలికుంటయి (ఆన్ కాదు, ఆఫ్ కాదు), మోటర్ ఒక్కసారి జర్కిస్తది. ఇన్‌పుట్ పిన్నుల నుంచి గ్రౌండుకు 10 కిలో ఓముల రెసిస్టర్లు వేయున్రి.

రోజూ ఒకే టైముకు దాణా పడాల్నంటే డీఎస్3231 గడియారం మాడ్యూల్ పెట్టున్రి. కరెంటు పోయి వస్తే మిల్లిస్ మళ్ల సున్నా నుంచి మొదలైతది, ఆ గడియారానికేమో సొంత బ్యాటరీ ఉంటది, టైము పోదు.