సమస్య: 'వలను వేసి చేప వానిఁ బట్టె'

ఛందస్సు ఆటవెలది. సందర్భం భీమిలి తీరం: బోటు యజమాని కూతురు, ఆ బోటులోనే పనిచేసే కలాసీ కుర్రాడు. మధ్యలో ఎవరిదో ఒకరి ఈర్ష్య ఉండాలి. చివరి పాదం కదపకుండా పై మూడూ పూరించండి. పోయినసారి సగం మంది యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదరాల్సిన మైత్రి) దగ్గరే దొరికిపోయారు, జాగ్రత్త.

మొదటి పూరణ:

మేడలోని పిల్ల, మీననేత్రములది
తీరమందు నిలిచి తెప్పఁ జూచి
నవ్వినంత లోన నావవాఁ డోడెను
వలను వేసి చేప వానిఁ బట్టె

– నడక హాయిగా ఉంది మాస్టారూ. కానీ చేప అనగానే కళ్ళు అందరికీ తట్టేవే. ఈర్ష్య ఏదీ? పైగా మా ఇంట్లో చేప కన్ను చూసేది తాజాదా కాదా అని. గుంటపడితే నిన్నటిది, ఉబ్బి మెరిస్తే ఇవాళ్టిది.

– మెరిసే కన్నేనమ్మా నేను రాసింది!

రెండో పూరణ:

బావ యీసుతోడఁ బంతమ్ముఁ బట్టెను
కూలివాని కేల మేడ పిల్ల?
రాత్రివేళ రేవు రాళ్ళ చాటున నుండి
వలను వేసి చేపవానిఁ బట్టె

– భలే! 'చేప', 'వాని' రెండూ కలిపేస్తే చిక్కే లేదు. సమస్యలోనే తాళంచెవి ఉంది, మనమే చూడలేదు. విసురువల అంచుకి సీసం గుళ్ళుంటాయి, పాపం వాడి వీపు ఏమైందో! అయితే రెండో పాదంలో 'కూ'కి 'మే'తో యతి ఎలా కుదిరింది?

– కుదరలేదండీ, ఒప్పుకుంటున్నా. 'కూలివాని కేల కూఁతు రనుచు' అని మారుస్తాను.

– యతి కుదిరింది గానీ మేడ పోయింది. కూలికీ మేడకీ ఉన్న దూరమే కదా ఆ పాదానికి బలం. నాకైతే తప్పుదే బాగుంది, మార్కులు మాత్రం వేయలేను.

మూడో పూరణ:

గంప నెత్తికెత్తు కన్నెతో నవ్వఁగా
మేడ మీఁది కలికి మేను మండి
వేట లేని నాళ్ళ వేలిచ్చి యప్పుగా
వలను వేసి చేపవానిఁ బట్టె

– ఇది వేరే స్థాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు వేటకు వెళ్ళవు. ఆ రోజుల్లో కలాసీ చేతికొచ్చే అడ్వాన్సు మళ్ళీ వేట మొదలయ్యాక ఆ బోటే ఎక్కేలా కట్టేస్తుంది. దాన్నే వల అన్నారు, అదీ ప్రేమ పేరుతో! ఒక్క లోపం: మొదటి పాదంలో నవ్వింది ఎవరో చెప్పలేదు.

– వాడేనండీ. చోటు చాలలేదు.

– సరే. గడువు ఆదివారం రాత్రి. ఇంకెవరైనా రాస్తే ఆ కుర్రాడి నోట చెప్పించండి. మూడు పద్యాల్లోనూ వాడు దొరకడమే తప్ప ఒక్క మాటా మాట్లాడలేదు.