ఆడవాళ్లకు ఉచిత బస్సు సమానత్వానికి విరుద్ధమా, కాదా?

పాకాల కుర్రోడు:
ఎవరినీ తిట్టడానికి పెట్టిన ప్రశ్న కాదు ఇది. 2025 ఆగస్టు 15 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు మొదలుకొని ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్లకు జీరో టికెట్. నేను రోజూ పాకాల నుంచి చిత్తూరుకు పనికి పోతా. నిన్న ముందు సీట్లో ఒక టీచరమ్మ, మంచి జీతమే వస్తుంది, ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంది. వెనక సీట్లో అరవై దాటిన కూలీ ఒకాయన పంచె ముడి విప్పి, అరచేతిలో చిల్లర పరిచి రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చినాడు. రాజ్యాంగం 14వ అధికరణం చట్టం ముందు అందరూ సమానమే అంటుంది, 15(1) ఆడ మగ తేడా చూపొద్దంటుంది. మరి ఆ బస్సులో జరిగిందేమిటి?

కోర్టు వీధి:
తమ్ముడూ, 15(1) చదివి ఆగిపోయినావు, అదే అధికరణంలో రెండు మెట్లు దిగితే 15(3) ఉంది. ఆడవాళ్లకు, పిల్లలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయడానికి ఈ అధికరణంలో ఏదీ అడ్డం కాదని రాసి పెట్టారు. ఇక 14 సంగతి. అందర్నీ ఒకే గాటన కట్టమని అది ఎప్పుడూ చెప్పలేదు. 1952లో అన్వర్ అలీ సర్కార్ కేసు నాటి నుంచి కోర్టులు చూసేది రెండే: విడదీసిన వర్గానికీ మిగతావాళ్లకూ స్పష్టమైన తేడా ఉందా, ఆ తేడాకూ చట్టం ఉద్దేశానికీ సంబంధం ఉందా. ఉద్యోగాల్లో ఆడవాళ్లకు 30 శాతం దాకా ప్రాధాన్యం ఇచ్చే నియమం మన ఆంధ్రప్రదేశ్‌దే, దాన్ని విజయకుమార్ కేసులో సుప్రీంకోర్టు 1995లో నిలబెట్టింది. ఉద్యోగానికే ఒప్పుకున్నాక బస్సు టికెట్టెంత?

బైరాగిపట్టెడ:
అరవై దాటితే 25 శాతం రాయితీ ఉంది కదా, ఆ పెద్దాయన అడగలేదేమో.

పాకాల కుర్రోడు:
రాయితీ ఉందా లేదా అన్నది కాదు నా ప్రశ్న. డబ్బున్నామెకు సున్నా, లేనాయనకు ముప్పావు, అదీ.

నగరి నుంచి:
మా అత్తది తిరుత్తణి. నగరిలో దిగి పుత్తూరు బస్సు ఎక్కితే టికెట్ కొట్టారు, ఆధార్‌లో తమిళనాడు అడ్రస్ ఉందని. ఆడవాళ్ల కోసమే పెట్టిన పథకం అయితే ఆమె ఆడమనిషి కాదా? దీనికి ఎవరైనా చెప్పండి.

కోర్టు వీధి:
15(1) వద్దన్నది పుట్టిన చోటును బట్టి వివక్ష. నివాసం వేరు, పుట్టిన చోటు వేరు అని 1955లోనే డి.పి. జోషి కేసులో తేల్చారు.

నగరి నుంచి:
సార్, ఆమె పుట్టింది పుత్తూరులోనే! పెళ్లయ్యాక అడ్రస్ మారింది.

కోర్టు వీధి:
పుత్తూరులో పుట్టి ఇక్కడే ఉన్న మగవాడికీ టికెట్ కొడుతున్నారు కదా. పుట్టిన చోటు ఇందులో లేనే లేదు.

షేర్ ఆటో:
మీరు కేసులు చెప్పుకుంటున్నారు. బస్టాండ్ నుంచి తిరుచానూరుకు రోజుకు ఎనిమిది ట్రిప్పులు తిప్పేవాణ్ణి, ఇప్పుడు నాలుగు పడితే గొప్ప. 2025 అక్టోబరులో ప్రభుత్వం మా ఆటోవాళ్లకు 15 వేలు ఇచ్చింది, కాదనను, రెండు కిస్తీలకు సరిపోయింది. నెలంతా బండి స్టాండులో పెట్టుకుని కూర్చుంటే ఎంత టెన్షనో ఎవరికి చెప్పాలి? ఫ్రీ అనేసరికి పనున్నా లేకున్నా ఊరికే తిరగడానికే ఎక్కుతున్నారు, అది సమానత్వమా?

చంద్రగిరి అక్క:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నా, "ఊరికే తిరగడానికి" అన్నాక ఊరుకోలేను. మా నాన్న పీలేరులో మంచం మీద ఉన్నాడు. పోయి రావాలంటే ఇంట్లో ఛార్జీ అడగాలి. మా ఆయన చెడ్డవాడు కాదు, ఇస్తాడు, కానీ ప్రతిసారీ "మొన్ననే పోయినావు కదా" అన్న తర్వాతే జేబులో చెయ్యి పెడతాడు. ఆ ఒక్క మాట వినలేక పోకుండా ఆగిపోయిన వారాలు ఎన్నో ఉన్నాయి. ఇప్పుడు వంట చేసి పెట్టి, ఆధార్ చేతిలో పట్టుకుని బస్సెక్కుతున్నా. మా నాన్నను చూడటం ఊరికే తిరగడమా అన్నా?

షేర్ ఆటో:
మిమ్మల్ని అనలేదమ్మా.

పాకాల కుర్రోడు:
అక్కా, మీలాంటి వాళ్లకు వద్దని నేనూ అనలేదు. కుటుంబ ఆదాయం చూసి ఇవ్వండి, రేషన్ కార్డు ఉంటే ఇవ్వండి, అంటున్నా.

చంద్రగిరి అక్క:
కుటుంబ ఆదాయం చూస్తే నాకు రాదు నాయనా. మా ఆయనకు జీతం బాగానే ఉంది. కార్డు లేదు. ఆ జీతంలో నా చేతికి పది రూపాయలు అడగకుండా రావు. నువ్వు ఇంటిని లెక్కపెడుతున్నావు, నేను ఆ ఇంట్లో మనిషిని. ఇల్లు గొప్పదైతే లోపలున్న ఆడది కూడా గొప్పదే అయిపోతుందా?

పాకాల కుర్రోడు:
మనిషి లెక్క అంటే మా నాన్ననూ లెక్కపెట్టండి. చిత్తూరు బెల్లం మండీలో మూటలు మోస్తాడు. కూలీ డబ్బు మా అమ్మ చేతికే ఇస్తాడు, బీడీకి కూడా ఆమెనే అడగాలి. మా అమ్మకు ఫ్రీ, ఆయనకు టికెట్. మొన్న టికెట్ డబ్బు మిగుల్తుందని సగం దారి నడిచి వచ్చినాడు, కాళ్లు వాచిపోయి ఉంటే అప్పుడు తెలిసింది నాకు. బస్సులో ఆ పెద్దాయనను చూస్తే నాకు కోపం వచ్చింది దీనికే.

కోర్టు వీధి:
ఇది మొదటే చెప్పి ఉంటే నేను 15(3) దగ్గర కూర్చునేవాణ్ణి కాదు. ప్రతి ఇంట్లో డబ్బు ఎవరి చేతిలో ఉందో కండక్టర్ చూడలేడు, అందుకే చట్టం గుంపుగా చూస్తుంది. గుంపుగా చూసినప్పుడు అక్కరలేని టీచరమ్మ లోపల పడుతుంది, మీ నాన్న బయట పడతాడు. అంతమాత్రాన కోర్టు దాన్ని కొట్టెయ్యదు. కానీ కోర్టు కొట్టెయ్యలేదు కాబట్టి న్యాయం పూర్తయిందని నేను అనలేను. మీ నాన్నకు ఇవ్వొద్దని కూడా రాజ్యాంగంలో ఎక్కడా లేదు, ఇవ్వాల్సింది ప్రభుత్వం.

పాకాల కుర్రోడు:
అయితే కార్డున్న మగ కూలీలకూ ఇవ్వమని అర్జీ రాస్తా. అక్కా, సంతకం పెడతారా?

చంద్రగిరి అక్క:
పెడతా. నాది తీసి వాళ్లకు ఇవ్వమని రాస్తే మాత్రం పెట్టను.

షేర్ ఆటో:
నేను పెట్టను. నాకు మిగిలింది ఆ మగ కూలీలే.

నగరి నుంచి:
అర్జీలో మా అత్త మాట కూడా రాయండి. పుట్టింటికి పోవడానికి ఆమెకు టికెట్ ఎందుకు?