స్పిండిల్‌ని కణం మధ్యలో నిలబెట్టేది ఏమిటి?

ప్రశ్న: మైటోసిస్‌లో (కణం రెండుగా విడిపోయేటప్పుడు) స్పిండిల్, అంటే సన్నని ప్రొటీన్ గొట్టాల కట్ట, క్రోమోజోములను లాగుతుందని అర్థమైంది. మరి ఆ స్పిండిల్‌నే పట్టి ఉంచేది ఏది? మా పుస్తకంలో "యాంకరింగ్ ప్రొటీన్లు" అని ఒక్క లైను రాసి వదిలేశారు.

జవాబు 1: తాడు లాగేవాడి కాళ్లు నేలకి గట్టిగా ఆనాలి కదా, ఇక్కడా అంతే. లాగే మోటారు డైనీన్ అనే ప్రొటీన్. కణ పొర లోపలి వైపు అతుక్కుని ఉండే జీ-ఆల్ఫా-ఐ అనే ప్రొటీన్ ఎల్‌జీఎన్ అనే ఇంకో ప్రొటీన్‌ని పట్టుకుంటుంది, ఎల్‌జీఎన్ న్యూమా అనే మూడో ప్రొటీన్‌ని, న్యూమా డైనీన్‌ని. డైనీన్ మైక్రోట్యూబ్యూల్ (స్పిండిల్‌లోని సన్నని గొట్టం) మీద మైనస్ కొస వైపు, అంటే స్పిండిల్ ధ్రువం (స్పిండిల్ చివర) వైపు నడవబోతుంది, కానీ తనని కట్టేసి ఉంచారు కాబట్టి మైక్రోట్యూబ్యూలే, దాంతో పాటు స్పిండిల్ ధ్రువమూ పొర వైపు వస్తాయి. రెండు వైపులా లాగుడు సమానమైతే స్పిండిల్ మధ్యలో ఉంటుంది. సి. ఎలిగాన్స్ పురుగు పిండం మొదటి విభజనలో వెనక వైపు లాగుడు ఎక్కువ, అందుకే అక్కడ ఒక కణం పెద్దది, ఒకటి చిన్నది. నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ ఇది.

జవాబు 2: అనిలిన్ అనే యాంకరింగ్ ప్రొటీన్‌ని మర్చిపోవద్దు. అది పట్టేది స్పిండిల్‌ని కాదు. విభజన చివర్లో కణాన్ని మధ్యలో నొక్కే యాక్టిన్-మయోసిన్ ప్రొటీన్ల రింగును పొరకి కట్టి ఉంచేది అదే. అది లేకపోతే రింగు ఒకచోట నిలవదు, విభజన ఆగిపోయి రెండు కేంద్రకాల కణం మిగలవచ్చు.

ప్రశ్న అడిగినవారు: అంటే లాగడానికి కూడా పట్టు కావాలన్నమాట! ఇప్పుడు బొమ్మ గీసి చూస్తాను, థాంక్స్.